నైరుతి గుంత

1953 మే 6, బుధవారం. పగలు పదకొండు గంటలకు నంద్యాలలోని శేషయ్య రైసు మిల్లులో మోటారు చూసే గురుస్వామి దాని మీద అరచెయ్యి పెట్టాడు. మోటారు ఎంత కాగిందో చూడటానికి అది ఆయన పద్ధతి. గంటకోసారి పెట్టేవాడు. ఎనిమిదేళ్లుగా పెడుతున్నాడు. ఆ రోజు పెట్టిన చెయ్యి మళ్లీ ఆయనంతట ఆయన తీయలేదు. ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాక శరీరం కింద పడింది. కాళ్లకు చెప్పుల్లేవు. వడ్లు లక్ష్మి కాబట్టి ఆ మిల్లులోకి ఎవరూ చెప్పులతో పోకూడదు.

కొడుకు కరుణాకర్ అప్పుడు అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. వయసు ముప్పై ఒకటి. చెప్పేది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. తంతి అందుకుని మరునాడు పొద్దున నంద్యాలలో రైలు దిగాడు. అప్పటికే ఊళ్లో మాట పుట్టింది. గురుస్వామి తాగి మోటారు మీద పడ్డాడని మిల్లు గుమాస్తా చెప్పాడు. ఆ మాట విని సంఘపెద్దలు శవపేటికను చర్చిలోకి తేవద్దన్నారు. సమాధి దగ్గరే ప్రార్థన చేసి పంపించారు.

మట్టి వేసి తిరిగి వస్తుంటే మిల్లులో తవుడు చెరిగే రామేశ్వరమ్మ కరుణాకర్ పక్కకు వచ్చి నడిచింది.

"ఆదివారం మీ నాయన చర్చి గుడికి పోయినాక గుంత పూడ్సినారు నాయనా. నైరుతి మూల గుంత. అవుకు నుంచి సిద్ధాంతి వచ్చి, నైరుతిలో గుంత ఉంటే యజమానిని తింటాదని చెప్పినాడంట. శేషయ్యకు గుండెల్లో నొప్పి వస్తాంది గదా, భయపడినాడు. మీ నాయన సోమవారం వచ్చి అడిగినాడు. ఈశాన్యంలో గోడ అవతల వేరే గుంత తవ్వించినా, తీగ ఆడ కలిపించినా, నీళ్లు గుమాస్తా పోయిస్తాడు, పోయి పని సూసుకో అన్నాడు శేషయ్య."

"తవ్వించినాడా?"

"యాడ తవ్విచ్చినాడు? నైరుతి గుంత మీద నాపరాయి పరిపించి వదిలేసినాడు."

"ఈ మాట విచారణలో చెప్తావా అక్కా?"

రామేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది. "నా కూడు ఆడనే నాయనా" అని వెనక్కి తగ్గి ఆడవాళ్లలో కలిసిపోయింది.

ఆమె చెప్పింది కరుణాకర్‌కు ఒక్కసారిలో అర్థమైంది. మోటారు ఇనుప ఒంటికి ఒక తీగ కట్టి, దాన్ని గుంతలో పాతిన ఇనుప గొట్టానికి కలుపుతారు. గుంతలో బొగ్గు, ఉప్పు వేస్తారు. లోపల తీగ చుట్ట దెబ్బతిని కరెంటు మోటారు ఒంటికి ఎక్కితే ఆ దారిన భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది, మనిషి బతుకుతాడు. మన్ను ఆరితే ఆ దారి మూసుకుపోతుంది. నంద్యాల రేగడి ఎండాకాలం పగుళ్లిస్తుంది. అందుకని గురుస్వామి రోజూ మిల్లుకు పోగానే రెండు కడవల నీళ్లు గుంతలో పోసేవాడు. ఆ పని నేర్పింది కొడుకే. గుంత లేదు కాబట్టి కరెంటు మనిషిలోంచి పోయింది. తండ్రి గుంత అవసరం తెలియక కాదు, ఉందని చెబితే నమ్మి చెయ్యి పెట్టాడు.

ఆ సాయంత్రమే మిల్లుకు పోయాడు. శేషయ్య గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గుమాస్తా ఉన్నాడు.

"గుంత యాడ పోయింది?"

"ఏ గుంతప్పా?"

"మోటారు గుంత. నైరుతి మూలది."

"నాకేం తెలుసు? నేను వడ్లు తెలిసినోన్ని. కరెంటు సంగతులు మీ నాయనకే తెలియాల. తాగి చెయ్యి పెట్టినాడు, పోయినాడు. మంచి మనిషే, ఆ ఒక్క దుర్గుణం తప్ప."

"మా నాయన తాగడు."

"నువ్వు అనంతపురంలో పాఠాలు చెప్పుకుంటాండావు. ఈడ మీ నాయన తాగినాడో లేదో నీకెట్ల తెలుస్తాది? తీగల్లో గానీ కనపడ్తాదా ఏంది?"

గుమాస్తా నవ్వాడు. కరుణాకర్ నైరుతి మూలకు పోయి నాపరాళ్లు చూశాడు. సందుల్లో సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. చూసి వచ్చేశాడు.

విచారణకు వచ్చిన అధికారి రెండు గంటలు ఉండి పోయాడు. శేషయ్య వాంగ్మూలం ఆరు వాక్యాలు. నాలుగో వాక్యం ఇది: "మోటారుకు గుంత అనేది ఒకటి ఉండవలెనని గాని, దాని ప్రయోజనమేమని గాని నాకు తెలియదు." అధికారి నివేదికలో కారణం అన్నచోట మృతుడు మద్యం మత్తులో అజాగ్రత్తగా ప్రవర్తించాడని రాశాడు. కరుణాకర్ రెండింటికీ నకళ్లు తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. రెండోసారి చదవాల్సిన అవసరం లేకపోయింది.

తల్లి బాలమ్మ నంద్యాలలో ఉండలేకపోయింది. ఆదివారం చర్చిలో ఆమె కూర్చున్న చాప మీదికి ఇంకెవరూ రాలేదు. రెండు వారాలు చూసి, మూడో వారం ఇల్లు ఖాళీ చేసి పుట్టిన ఊరు ఆళ్లగడ్డకు పోయింది. ఇరవై అయిదు మైళ్లు. మాట ఆమె కంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. ఆమె చర్చి మానేసింది.

"మీ నాయన పండుగనాడు పాస్టరు ఇచ్చే ద్రాక్షరసం తప్ప నోట్లో పోసుకున్నోడు కాదు" అంది కొడుకుతో. "ఆ కాగితం మార్పించు. అంతవరకూ నాకు ఆ గుడి వద్దు."

"మార్పిస్తామ్మా. శేషయ్య నోటితోనే చెప్పిస్తా."

"చెప్తాడా?"

"చెప్పేదాకా వదలను."

1954లో కరుణాకర్‌కు ఒక అవకాశం వచ్చింది. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కాలేదు. విద్యుత్ శాఖకు ఇంజనీర్లు కావలసి వచ్చారు. పిలిచి ఉద్యోగం ఇస్తామన్నారు. కరుణాకర్ వద్దని రాశాడు. ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి వచ్చి భార్య కృపావతికి చెప్పాడు.

"పిలిచి ఇస్తాంటే వద్దంటావా? నీకేమన్నా మతి పోయిందా?"

"ఇంజనీరును మూడేండ్లకోసారి మారుస్తారు. నంద్యాలకు ఎప్పుడు ఏస్తారో, అసలు ఏస్తారో లేదో."

"ఈడ ఉంటే మాత్రం?"

"ఈడ ఉంటే నంద్యాలకు పొయ్యే ప్రతి ఇంజనీరూ ముందు నా ఎదురుగా కూసోని పోవాల."

"దీన్ని ఉద్యోగం అంటారా, మాటేసి కూసునేది అంటారా?"

"రెండూ."

అలా కరుణాకర్ మేష్టరుగా ఉండిపోయాడు. ఏటా జూలైలో మూడో సంవత్సరం వాళ్లకు ఎర్తింగు పాఠం చెప్పేవాడు. పుస్తకంలో అది నాలుగు పేజీలు. ఆయన అయిదు రోజులు చెప్పేవాడు. ఒక మిల్లు బొమ్మ గీసేవాడు. నైరుతిలో గుంత, గుంత పక్కన గోడ, గోడకు అవతల మోటారు. గుంత పూడ్చింది ఏ వారం, మనిషి చనిపోయింది ఏ వారం, పూడ్చిన మనిషి ఏమని సంతకం పెట్టాడు, అన్నీ చెప్పేవాడు. పేర్లు చెప్పేవాడు కాదు. చనిపోయింది తన తండ్రి అని అసలు చెప్పలేదు. కుర్రాళ్లు ఆ పాఠానికి 'నంద్యాల గుంత' అని పేరు పెట్టుకున్నారు. పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుందని వాళ్లకు తెలుసు. ప్రశ్న చివర ఎప్పుడూ ఒకే వాక్యం ఉండేది: మరణానికి కారకుడెవరు, మూడు కారణాలతో నిరూపించుము.

సెలవుల్లో ఆళ్లగడ్డకు వచ్చి తల్లి ఇంటి పెరట్లో పన్నెండు గుంతలు తవ్వించాడు. రేగడి నేలలో ఏ నెలలో ఎర్తు ఎంత పని చేస్తుందో కొలవటం మొదలుపెట్టాడు. ఏ గుంతలో ఎన్ని కడవలు పోయాలో బాలమ్మకు చెప్పి పోయేవాడు. ఆమె తప్పకుండా పోసేది. ఊళ్లోవాళ్లు చూసి ఆమెకు కూడా తిక్క ఎక్కిందనుకున్నారు.

"ఈ గుంతలు తవ్వితే మీ నాయన తిరిగొస్తాడా?" అని అడిగింది ఒకసారి.

"నాయన రాడు. శేషయ్య వస్తాడు."

ఆ కొలతలు 1957లో వ్యాసంగా అచ్చయ్యాయి. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ ఉత్తరాలు వచ్చాయి. రేగడి నేలల్లో ఎర్తింగు అంటే కరుణాకర్ అన్న పేరు పడింది. 1959లో ప్రొఫెసరయ్యాడు. ముప్పై ఏడేళ్లకు ఆ కుర్చీ ఎక్కినవాళ్లు ఆ కాలేజీలో లేరు. అభినందన సభలో తోటివాళ్లు ఆయన దీక్ష గురించి మాట్లాడారు. దీక్ష దేని మీదో వాళ్లకు తెలియదు.

కర్నూలు జిల్లాకు ఉద్యోగం వచ్చిన ప్రతి శిష్యుడికీ ఆయన ఒకే మాట చెప్పి పంపేవాడు. "నంద్యాల శేషయ్య పేరుతో కొత్త కనెక్షనుకు దరఖాస్తు వస్తే నాకొక కార్డు రాయి." అలా పదకొండు మందికి చెప్పాడు. పదకొండోవాడు లక్ష్మీనారాయణ. నంద్యాలలో అసిస్టెంటు ఇంజనీరు.

కార్డు 1960 జనవరి చివర్లో వచ్చింది. ఆళ్లగడ్డకు కరెంటు వచ్చింది. శేషయ్య అక్కడ కొత్త మిల్లు కట్టాడు. ఫిబ్రవరి 15, సోమవారం ప్రారంభం. తనిఖీ పదకొండో తేదీన. ఎర్తు కొలిచే యంత్రం తమ ఆఫీసుది మరమ్మతులో ఉందని, కాలేజీది తీసుకుని సారు స్వయంగా వస్తే మేలని లక్ష్మీనారాయణ పైవాళ్ల అనుమతి కూడా తీసుకుని రాశాడు.

అనంతపురం నుంచి వచ్చే దారిలో కరుణాకర్ ఒక ఆలోచన చేశాడు. ఏడేళ్లుగా చేస్తున్న ఆలోచనే. మోటారు మూత విప్పి లోపల రెండు స్క్రూలు మారిస్తే చాలు. ఒంటికి కరెంటు ఎక్కుతుంది. శేషయ్య చేత చెయ్యి పెట్టించవచ్చు. ఆ పని ఆయనకు రెండు నిమిషాలు. ఎప్పటిలాగే ఆ ఆలోచనను చివరిదాకా పోనిచ్చి ఆపాడు. జాలి పడి కాదు. శేషయ్య చస్తే మళ్లీ ఒక అధికారి వస్తాడు, పాపం తెలియక చచ్చాడని రాస్తాడు. శేషయ్యకు తెలియదన్న మాట రెండోసారి కాగితం మీదికి ఎక్కుతుంది.

మిల్లు దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. కూలీలు, గుమాస్తా, వడ్ల బండ్లతో వచ్చిన రైతులు. శేషయ్య ఎదురు వచ్చాడు. జుట్టు నెరిసింది. గుండెనొప్పి మాత్రం ఆయన్ను ఏమీ చేయలేదు.

"రాండి ప్రొఫెసరు సార్, రాండి. గురుస్వామి కొడుకువు గదూ? ఎంతోడివైనావప్పా! మీ నాయన ఉంటే సంతోషపడును."

"ఉంటే పడును" అన్నాడు కరుణాకర్. చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

లక్ష్మీనారాయణ ప్లాను పరిచాడు. ప్లానులో మోటారు నైరుతి మూల గదిలో ఉంది. గదికి బయట గోడ వెంట ఎర్తు గుంత గుర్తు ఉంది. శేషయ్య సంతకం ఉంది. నేల మీద ఆ చోట నాపరాయి ఉంది. మోటారు నుంచి తీగ వచ్చి రాయి సందులోకి దిగింది. కరుణాకర్ ఆ తీగను రెండు వేళ్లతో పట్టి లాగాడు. జానెడు ముక్క పైకి వచ్చింది. దాని కొసన ఏమీ లేదు. అందరూ చూశారు. ఆయన తీగను ఎక్కడిది అక్కడ పెట్టేశాడు.

తరువాత యంత్రం పెట్టె తెరిచి మోటారు చుట్టలు పరీక్షించాడు. మోటారు కొత్తది. ఎక్కడా లీకు లేదు. లీకు లేని మోటారును గుంత ఉన్నా లేకున్నా తాకవచ్చు, ఏమీ కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, లక్ష్మీనారాయణకు తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు. పెట్టె మూసేశాడు.

"ఎర్తు కొలవరా సార్?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"అక్కర్లేదు. ఇంగో పరీక్ష ఉంది. స్విచ్ వెయ్యి."

తనిఖీ కోసం తాత్కాలికంగా ఇచ్చిన కరెంటుతో మోటారు తిరగటం మొదలైంది. కరుణాకర్ శేషయ్యను పిలిచాడు.

"శేషయ్యా, మోటారు మీద అరచెయ్యి పెట్టు. కాగిందో లేదో చెప్పు. నువ్వు చెయ్యి పెట్టిన మరుక్షణం లక్ష్మీనారాయణ సంతకం పెడ్తాడు. సోమవారం మిల్లు తెరుసుకో."

శేషయ్య నవ్వాడు. "నేనెందుకు సార్? మోటారు సూసేవాడు ఉండాడు గదా. రేయ్, యాడ సచ్చినావురా?"

"వాడొద్దు. మిల్లు నీది. గుంత ప్లానులో ఉంది, నీ సంతకం ఉంది. ఇంగ భయమేంది?"

"భయం కాదు సార్..."

"మా నాయన గంటకోసారి పెట్టేవాడు. నువ్వు ఒక్కసారి పెట్టు."

ఒక రైతు వెనక నుంచి అన్నాడు: "పెట్టు శేషయ్యా, ఏంది ఆలోచిస్తాండావు? పెండ్లికూతురి చెయ్యి పట్టుకోమన్నట్ల సిగ్గుపడతాండావే!" నలుగురు నవ్వారు.

శేషయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. మోటారును చూశాడు, గోడ అవతల నాపరాయి వైపు చూశాడు. చెయ్యి ఎత్తి మళ్లీ దించాడు. పంచెకు తుడుచుకున్నాడు.

"పెట్టను."

"యాల?"

"గుంత లేకుండా ఎట్ల పెట్టమంటావప్పా? సచ్చిపోనా?"

లక్ష్మీనారాయణ స్విచ్ కట్టేశాడు. మోటారు చప్పుడు తగ్గి ఆగిపోయేదాకా కరుణాకర్ ఆగాడు.

"గుంత లేకపోతే సస్తారని నీకెట్ల తెలుసు?"

"అందరికీ తెలిసిందే గదా..."

"నీకు తెలియదు." కరుణాకర్ జేబులోంచి నకలు తీశాడు, చూడకుండానే నాలుగో వాక్యం చెప్పాడు. "ఇది 1953 మే నెలలో నువ్వు పెట్టిన సంతకం. తెలియదన్నావు. మరి ఎవరు చెప్పినారు నీకు? ఎప్పుడు చెప్పినారు?"

"ఎవరో చెప్పినారు. ఏడేండ్ల నాటి మాట, ఎవరికి గుర్తు?"

"ఎవరు?"

"మీ నాయనే చెప్పినాడప్పా!" శేషయ్య గొంతు పెరిగింది. "సోమవారం పొద్దున్నే వచ్చి నెత్తిన కూసున్నాడు. గుంత పూడ్సినావు, మనిషి సస్తాడు అని. ఏం చెయ్యమంటావు నన్ను? సిద్ధాంతి అట్ల చెప్పె, ఈడ గుండె నొస్తాండె..."

అక్కడ ఆగాడు. చుట్టూ చూశాడు. గుమాస్తా నేల చూస్తున్నాడు.

"ఆరోజు మా నాయనకు నువ్వేం చెప్పినావు?"

శేషయ్య గుమ్మం వైపు తిరిగాడు.

"ఈశాన్యంలో తవ్వించినా, పోయి పని చూసుకో అన్నావు. అన్నావా లేదా?"

"అన్నా."

"తవ్వించినావా?"

"లేదు."

"తాగినాడా మా నాయన?"

శేషయ్య తల అడ్డంగా ఊపాడు. "నోటితో చెప్పు" అన్నాడు కరుణాకర్. "తాగలేదు" అన్నాడు శేషయ్య.

లక్ష్మీనారాయణ తనిఖీ పుస్తకంలో అంతా రాశాడు. ప్రశ్నా జవాబూ ఉన్నవి ఉన్నట్టు రాశాడు. ఇద్దరు రైతులు సాక్షి సంతకాలు పెట్టారు. శేషయ్య సంతకం పెట్టనన్నాడు. పెట్టకపోతే పెట్టలేదని రాస్తానన్నాడు లక్ష్మీనారాయణ. పెట్టాడు. అప్పుడు కరుణాకర్ మళ్లీ స్విచ్ వేయించి తన అరచెయ్యి మోటారు మీద పెట్టాడు. అందరూ చూస్తుండగా అలాగే నిలబడ్డాడు.

"ఏమీ కాదు. కొత్త మోటారు. నువ్వు పెట్టినా ఏమీ కాకపోవును" అన్నాడు. "ఆ సంగతి నీకు తెలియదు. గుంత సంగతి మాత్రం తెలుసు."

శేషయ్య తనిఖీ పుస్తకం వైపు చూసి అడిగాడు: "ఇంగ అయిపోయింది గదా. కనెక్షను ఇప్పిస్తారా?"

"ఇస్తాం. ఇప్పటి రూలు ప్రకారం గుంత మోటారు గది పక్కనే ఉండాల, ప్లానులో ఉన్న చోట తవ్వు. రోజూ రెండు కడవలు నీళ్లు పొయ్యి."

"ఆడ వద్దు సార్. ఈశాన్యంలో రెండు తవ్విస్తా, మూడు తవ్విస్తా. నైరుతిలో గుంత యజమానిని తింటాది."

"ఒకసారి తినింది గదా. యజమానిని కాదు."

"మోటారు గదినే ఈశాన్యానికి మారుస్తా."

"మార్చుకో. షాఫ్టు మార్చాల, గోడలు మార్చాల. జూన్ అవుతాది."

బయట బండ్ల మీద వడ్లు ఉన్నాయి. రైతులు ఆ మాట విని ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు ఎద్దులు కట్టటం మొదలుపెట్టాడు. రెండోవాడు, మూడోవాడు కట్టారు. బండ్లు నంద్యాల దారి పట్టాయి, అక్కడి వేరే మిల్లులకు. శేషయ్య గుమ్మంలో నిలబడి ఒక్కొక్క బండికీ అప్పా, అన్నా అని పిలిచాడు. ఎవరూ ఆగలేదు. కరుణాకర్ చివరి బండి మలుపు తిరిగేదాకా చూసి, చెప్పులు తొడుక్కున్నాడు.

సాయంత్రం నాలుగు గంటలకు తల్లి ఇంటికి చేరాడు. లక్ష్మీనారాయణ నకలు రాసిచ్చాడు. అధికారికి ఒకటి, చర్చికి ఒకటి, ఇంటికి ఒకటి. బాలమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఇంగ్లీషులో ఉన్నది కరుణాకర్ తెలుగులో చదివాడు. ఆమె మధ్యలో ఆపలేదు. తాగలేదు అన్న మాట దగ్గర ఒకసారి కళ్లు మూసుకుంది.

"పాస్టరుకు ఇస్తానమ్మా. ఆదివారం అందరి ముందర చదువుతాడు."

"చదవనీ."

"నువ్వు వస్తావు గదా?"

"వస్తాలే." ఆమె అది పక్కన పెట్టేసినట్టు చెయ్యి విదిలించింది. "చెయ్యి పెట్టమంటే వాడు నిజంగానే పెట్టలేదా?"

"పెట్టలేదు."

"భయపడినాడా?"

"చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. చెమట పట్టింది."

"అది రాసినారా దాంట్లో?"

"రాసినారు."

బాలమ్మ కొంగు సర్దుకుని కొడుకుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఇంగోసారి సదువు నాయనా. గుడి సంగతి తర్వాత. వాడు పెట్టను అన్న కాడి నుంచి సదువు. నిదానంగా సదువు."